ఓర్పా కన్నీరు

(విడిపోయిన స్త్రీల దుఃఖమును గూర్చిన అధ్యయనము)

వేదపాఠము: రూతు 1:1–22. సహాయ భాగములు: 2 సమూయేలు 1:17–27, కీర్తన 88, రోమీయులకు 12:15, ఫిలిప్పీయులకు 4:2–3.

1. గోల్ బజారులో ఒక మధ్యాహ్నము

బిలాస్‌పూర్ పట్టణపు పాత భాగములో గోల్ బజార్ కలదు. బట్టల కొట్లు, గిన్నెల కొట్లు, మిఠాయి దుకాణములు ఒకదానినొకటి ఒరసికొని యుండు స్థలమది. బెంగాల్ నాగపూర్ రైల్వే దినములనుండి ఉద్యోగములకై శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములను విడిచి వచ్చి, ఈ రైల్వే పట్టణములో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు. 2003లో ఈ పట్టణము ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానమాయెను. ఇంటిలో తెలుగు, బజారులో హిందీ, ఆదివారమున తెలుగు ఆరాధన. ఇదియే వారి జీవితము.

ఒక డిసెంబరు మాసమున అచ్చటి తెలుగు విశ్వాసుల కూటములలో వాక్యము చెప్పుటకు నేను పోతిని. మరునాడు ఒక సహోదరి నన్ను గోల్ బజారునకు తోడుకొని పోయెను. ఆమె వయస్సు ఏబదికి దగ్గరగా నుండును, ఉపాధ్యాయిని. (ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాను, ఆమె ఎవరో తెలియకుండునట్లు కొన్ని వివరములను మార్చితిని.) ఒక కొట్టులో ఆమె రెండు జాకెట్టు గుడ్డలు కోయించి, డబ్బు చెల్లించి, మెట్లు దిగిన తరువాత ఆగిపోయెను. తిరిగి లోపలికి పోయి ఒకదానిని ఇచ్చివేయ జూచెను. కోసిన గుడ్డ తిరిగి తీసికొనబడదని కొట్టువాడు చెప్పెను. ఆమె మారు మాటలాడక రెండింటిని సంచిలో పెట్టుకొనెను.

త్రోవలో ఆమెయే చెప్పెను. పండ్రెండు సంవత్సరములు ఆమెయు మరియొక స్త్రీయు ఒకే యింటిలో కాపురముండిరి. లోకము వారిని అక్కచెల్లెండ్రు అనెను. వారు అక్కచెల్లెండ్రు కారు. ఒకరికొకరు అన్నియు నైనవారు. రెండు సంవత్సరముల క్రిందట ఆ రెండవ స్త్రీ వెళ్లిపోయెను. "అయ్యగారూ, మొగుడు పోయినవాళ్లకు మన సంఘం వాళ్లు మూడు రోజులు అన్నం తెచ్చిపెడతారు. పక్కన కూర్చుంటారు. నా యింటికి ఎవ్వరూ రాలేదు. ఏమీ జరగలేదనే అందరూ అనుకున్నారు. నేను కూడా అలాగే నటించాను. ఆదివారం ప్రార్థన చీటీలో 'ఊరు విడిచి వెళ్లిన స్నేహితురాలి కోసం' అని రాశాను. పాస్టరుగారు ఆమె ప్రయాణ క్షేమం కోసం ప్రార్థించారు" అని ఆమె చెప్పెను.

ప్రియ చదువరీ, ఈ అంశము మన వార్షిక సంచికలలో తరచుగా కనబడునది కాదు. దీనిని చదువుచుండగనే మీలో కొందరి మనస్సు బిగిసికొనవచ్చును. నేను మిమ్మును ఒక్కటి మాత్రమే వేడుకొనుచున్నాను: తీర్పునకు ముందు వినుడి. స్త్రీకి స్త్రీకి మధ్యనున్న ప్రేమబంధము తెగిపోయినప్పుడు ఆ స్త్రీలకు ఏమి జరుగును? అప్పుడు సంఘము ఎక్కడ నుండవలెను? ఈ పాఠము యొక్క ప్రశ్న ఇదియే.

2. వెనుకకు తిరిగిన కోడలు

రూతును గూర్చి మనము వందల ప్రసంగములు వినియున్నాము. ఓర్పాను గూర్చి ఎన్ని వింటిమి? వినినను, విడిచిపోయినదానికి దృష్టాంతముగనే వింటిమి. ప్రాచీన యూదా వ్యాఖ్యానములు కొన్ని ఆమె పేరును మెడ వెనుక భాగమును తెలుపు హెబ్రీ మాటతో ముడిపెట్టి, వీపు త్రిప్పినదని ఆమెను నిందించెను. మన ప్రసంగికులును ఆ దారినే పట్టిరి.

అయితే మూలమును నెమ్మదిగా చదువుడి. కోడండ్రనిద్దరిని వెనుకకు పొమ్మని చెప్పినది నయోమియే. ఆమె ఇద్దరిని దీవించెను (1:8–9). ఇద్దరును ఎలుగెత్తి ఏడ్చిరి. ఒకసారి కాదు, రెండుసార్లు (1:9, 14). ఓర్పా అత్తను ముద్దు పెట్టుకొని వెళ్లెను. గ్రంథకర్త ఆమెపై ఒక్క నిందావాక్యమైనను వ్రాయలేదు. ఉండిపోయినదానికి ఒక చరిత్ర కలదు. వెళ్లిపోయినదానికి ఒక ముద్దు, కొంత కన్నీరు మాత్రమే కలవు. కాని ఆ కన్నీటిని ఆత్మ ప్రేరితుడైన గ్రంథకర్త విడిచిపెట్టక వ్రాసెను.

రూతు నయోమిని హత్తుకొనెనని చెప్పు చోట (1:14) నున్న హెబ్రీ క్రియ, ఆదికాండము 2:24లో పురుషుడు తన భార్యను హత్తుకొనుటను గూర్చి చెప్పిన క్రియయే. ద్వితీయోపదేశకాండము 10:20లో ఇశ్రాయేలు తన దేవుని హత్తుకొనవలెనని చెప్పిన క్రియయు అదియే. కనుక ఆ ఒక్క మాటను పట్టుకొని రూతు నయోమిల బంధము ఇట్టిదని తేల్చుట అనువాదకునికి తగదు. అత్తాకోడండ్ర కథను మరియొక కథగా మార్చుటకు నేను రాలేదు. కాని ఒక సంగతి స్పష్టము: ఇద్దరు స్త్రీల మధ్య ఏర్పడు అనుబంధమును వర్ణించుటకు వేదము తనయందున్న మాటలలో మిక్కిలి బలమైనదానిని వాడుటకు సంకోచింపలేదు. అట్టి బంధము తెగునప్పుడు కలుగు నొప్పియు చిన్నది కాజాలదు.

3. మూడు విధముల వేర్పాటు

స్త్రీల స్వలింగానుబంధములు అన్నియు ఒకే రీతిగా ముగియవు. విడిపోయిన ప్రతి స్త్రీని ఒకే మాటతో ఓదార్చ జూచుట, ప్రతి జ్వరమునకు ఒకే మాత్ర ఇచ్చుట వంటిది. కనీసము మూడు విధములను వేరుచేసి చూడవలెను.

మొదటిది, బలవంతపు వేర్పాటు. తలిదండ్రులు, అన్నదమ్ములు, ఊరి పెద్దలు వచ్చి ఒకరిని తీసికొనిపోవుదురు; ఫోను లాగుకొందురు; గదిలో పెట్టి తాళము వేయుదురు; త్వరలో పెండ్లి కుదుర్చుదురు. కొన్ని చోట్ల ప్రభుత్వపు హస్తమే ఆ పని చేయ జూచెను. బిలాస్‌పూర్ మధ్యప్రదేశ్‌లో భాగముగా నున్న దినములలో, ఆ రాష్ట్ర సాయుధ దళమునకు చెందిన ఇద్దరు స్త్రీ పోలీసులు 1987లో తమలో తాము వివాహమాడిరి. 1988లో వారు ఉద్యోగములనుండి తొలగింపబడిరి. ఆ వార్త నాడు దేశమంతట వ్యాపించెను.

తరువాత చట్టము చాల దూరము నడిచెను. వయోజనులు ఇష్టపూర్వకముగా కలిసియుండుట నేరము కాదని సర్వోన్నత న్యాయస్థానము 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పెను. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము, విజయవాడలో కలిసి జీవించుచుండిన ఇద్దరు స్త్రీలలో ఒకరిని తండ్రి తీసికొనిపోగా, వారు వయోజనులు గనుక కలిసియుండుటకు వారికి హక్కు కలదనియు, కుటుంబము అడ్డు రాకూడదనియు ఆజ్ఞాపించెను. బలవంతముగా విడదీయుట నేడు దేశ చట్టమునకు విరుద్ధము. అది ప్రేమకును విరుద్ధమని చెప్పుటకు సంఘము చట్టము వెనుక నడువవలసి వచ్చుట మనకు సిగ్గు.

రెండవది, మనస్సాక్షిని బట్టి కలుగు వేర్పాటు. కొందరు సహోదరీలు, తమ వేదపఠనమును బట్టియు తమ సంఘబోధను బట్టియు, ఈ బంధములో కొనసాగలేమని తామే నిర్ణయించుకొందురు. వారు ప్రేమ లేక వెళ్లినవారు కారు, ప్రేమించుచునే వెళ్లినవారు. లోకములోనివారు వీరిని పిరికివారని ఎగతాళి చేయుదురు. సంఘములోనివారు వీరిని జయించినవారని వేదికనెక్కింతురు. ఈ రెండును వీరికి అన్యాయమే. సాక్ష్యము చెప్పుమని తొందరపెట్టుటచేత వారి కన్నీటికి స్థలము లేకపోవును. వెళ్లిన ఓర్పా కూడ ఏడ్చెను గదా.

మూడవది, సామాన్యమైన వేర్పాటు. మనుష్యుల బంధములు తెగు కారణములచేతనే ఇవియు తెగును: బదిలీ, అప్పు, అనుమానము, మరియొకరిపై మనస్సు, లేక సంవత్సరములు గడచినకొలది మాటలు తగ్గిపోవుట. కొన్ని బంధములలో కొట్టుటయు బెదిరించుటయు నుండును. అవి తెగుట విడుదలయే. అయినను భార్యాభర్తలు విడిపోయినప్పుడు పంచాయతి చేయుటకు పెద్దలుందురు, న్యాయస్థానముండును. వీరికి ఎవరుందురు? స్వలింగ వివాహమునకు చట్టబద్ధత నిచ్చుటకు సర్వోన్నత న్యాయస్థానము 2023 అక్టోబరు 17న నిరాకరించెను. వివాహము లేనిచోట విడాకుల చట్టము లేదు, భరణము లేదు, ఇద్దరు కలిసి కట్టిన చీటీ, కొన్న బంగారము, ఒకరి పేరుననున్న ఇల్లు ఎట్లు పంచుకొనవలెనో చెప్పు చట్టము లేదు. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరచుటకును ఒకరినొకరు నామినీగా వ్రాసికొనుటకును అడ్డు లేదని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2024 ఆగస్టులో స్పష్టపరచెను. కనుక విడిపోవువారు ఖాతాలను, నామినీ పత్రములను సరిచూచుకొని, లెక్కలను నమ్మకముగా తీర్చుకొనవలెను. ఎవనికిని అచ్చియుండవద్దను అపొస్తలుని బోధ (రోమీయులకు 13:8) ఇచ్చటను వర్తించును.

4. ఆమె మాట ఆమె నోటనే

ఈ మూడు విధములను వేరుచేయుట ఎట్లు? బయటనుండి చూచువారికి మూడును ఒకటిగనే కనబడును: ఒక స్త్రీ పుట్టింటికి తిరిగి వచ్చెను. బలవంతముగా వచ్చెనా, ఇష్టముతో వచ్చెనా?

కేరళ దేశపు ఒక వ్యాజ్యము దీనికి మంచి పాఠము నేర్పును. తన స్నేహితురాలిని తలిదండ్రులు నిర్బంధించిరని ఒక స్త్రీ న్యాయస్థానమునకు పోయెను. సర్వోన్నత న్యాయస్థానము ఒక మహిళా న్యాయాధికారిని ఏర్పరచి, ఇంటివారి ఒత్తిడి లేని చోట ఆ యువతితో మాటలాడించెను. తాను ఇష్టపూర్వకముగా తలిదండ్రులయొద్ద నున్నాననియు, ఆ స్నేహితురాలితో కలిసి జీవింపగోరుట లేదనియు ఆమె చెప్పెను. న్యాయస్థానము ఆమె మాటను మన్నించెను. అయితే అంతటితో ఊరకుండక, 2024 మార్చి 11న దేశములోని న్యాయస్థానములన్నిటికి మార్గదర్శక సూత్రముల నిచ్చెను: అట్టి వ్యక్తితో ఏకాంతముగా మాటలాడవలెను, కుటుంబపు ప్రభావము ఆమెపై పడకుండ చూడవలెను, ఆమె స్వభావమును మార్చుటకై కౌన్సెలింగు ఆజ్ఞాపింపకూడదు.

చదువరీ, గమనింపుము. ఇచ్చట వేరుపడవలెనని కోరినది ఆ యువతియే. ఆమె కోరికకు విలువ ఎక్కడనుండి వచ్చెను? ఉండగోరియున్నయెడల ఆ మాటయు వినబడియుండునను నిశ్చయమునుండి వచ్చెను. కాదనుటకు స్వేచ్ఛ లేనిచోట ఔననుటకు అర్థము లేదు. నయోమి చేసినదియు ఇదియే. ఆమె ఇద్దరు కోడండ్రకు దారిని తెరచి, ఒకరి వెళ్లుటను దీవించి, ఒకరి నిలుచుటను తుదకు అంగీకరించెను.

5. నా తప్పు

ఇచ్చట నేను నా తప్పును ఒప్పుకొనవలెను. చాల సంవత్సరముల క్రిందట, మరియొక పట్టణములో, ఒక తల్లియు తండ్రియు తమ కుమార్తెను నాయొద్దకు తీసికొని వచ్చిరి. ఆమె తన సహోద్యోగినియైన ఒక స్త్రీతో ప్రేమలో నుండెను. ఇంటివారు ఆ బంధమును తెంచిరి. వారు చెప్పినదంతయు వింటిని. ఆ యమ్మాయి తల వంచుకొని కూర్చుండెను. ఆమెతో ఒంటరిగా ఒక్క మాటైనను మాటలాడలేదు. పెండ్లి చేయుడి, అన్నియు సర్దుకొనునని చెప్పితిని. ప్రార్థించితిని. ఆ వివాహమును నేనే జరిపించితిని.

మూడు సంవత్సరములైనను గడువకముందే ఆ కాపురము చెడెను. ఆమె కృశించిపోయెను. ఒక సాయంకాలము ఆ వరుడు నా యింటికి వచ్చి, "మీకు ముందే తెలుసు గదా అయ్యగారూ, నాకెందుకు చెప్పలేదు?" అని అడిగెను. నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఒక స్త్రీ దుఃఖమును కప్పివేయుటకు మరియొక మనుష్యుని జీవితమును తెరగా వాడితిని. వేదాంతశాస్త్రములో నాకున్న పట్టము ఆనాడు నన్ను కాపాడలేదు. నేను పుస్తకములు ఎరుగుదును గాని, ఎదుట కూర్చున్న బిడ్డను ఎరుగనైతిని.

మద్రాసు ఉన్నత న్యాయస్థానములో 2021లో ఇట్టి వ్యాజ్యము విచారించిన న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్, ఈ విషయములో తనకు తగిన అవగాహన లేదని బహిరంగముగా ఒప్పుకొని, తీర్పు చెప్పకముందు ఒక మనస్తత్వ నిపుణురాలియొద్ద కూర్చుండి నేర్చుకొనెను. ఆయన 2021 జూన్ 7న ఇచ్చిన ఆజ్ఞను చదివినప్పుడు, నేను చేయవలసియుండి చేయనిది ఏదో నాకు తెలిసెను.

6. మార్పు అను వాగ్దానము

అట్టి స్త్రీలకు కొందరు బోధకులు ఒక వాగ్దానము చేయుదురు: ఉపవాసముండుము, ఈ కోర్కె నీలోనుండి తొలగిపోవును. ఈ వాగ్దానమును గూర్చి సత్యము చెప్పవలెను. అమెరికాలో 1976లో ప్రారంభమైన ఎక్సోడస్ అను క్రైస్తవ సంస్థ దీనినే ముఖ్యోద్దేశముగా పెట్టుకొని దశాబ్దములు పనిచేసెను. తాను ఎరిగినవారిలో బహు అధికులు అట్టి మార్పు పొందలేదని దాని అధ్యక్షుడు ఎలన్ చాంబర్స్ 2012లో ఒప్పుకొనెను. 2013లో ఆయన గాయపడినవారిని క్షమాపణ వేడి, సంస్థ మూయబడునని ప్రకటించెను. 2017లో ఇంగ్లండు సంఘపు మహాసభ అట్టి చికిత్సలను ఖండించెను.

వైద్యులు చెప్పునదియు ఇదియే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో స్వలింగాకర్షణను రోగముల పట్టికనుండి తొలగించెను. ఇది రోగము కాదని భారత మనోరోగ వైద్యుల సంఘము 2018లో ప్రకటించెను. దీనిని మార్చుటకు చికిత్స చేయుట వృత్తి దుష్ప్రవర్తన యని జాతీయ వైద్య కమిషన్ 2022లో తెలియజేసెను. రోగము కానిదానికి స్వస్థత వాగ్దానము చేసి, అది కలుగనప్పుడు నీ విశ్వాసము చాలలేదని చెప్పుట, గాయముపై గాయము చేయుట.

సంఘములు వాక్యార్థమును గూర్చి ఏకాభిప్రాయముతో లేవు. మన తెలుగు సంఘములలో బహు భాగము వివాహము స్త్రీ పురుషులకే అని బోధించును. ఆ బోధను నమ్మి జీవించువారిని నేను తక్కువ చేయను. కాని వాక్యమును వాడునప్పుడు నిదానము కావలెను. లేవీయకాండము 18:22, 20:13 వచనములు పురుషులను గూర్చినవి. స్త్రీలను గూర్చి అచ్చట మాట లేదు. సాధారణముగా స్త్రీలకు అన్వయింపబడునది రోమీయులకు 1:26 ఒక్కటే. ఆ వాదన 2:1లో తీర్పు తీర్చువానివైపే తిరుగును. 1 కొరింథీయులకు 6:9లోని గ్రీకు మాటకు స్వలింగ సంపర్కులను అర్థమిచ్చు ఆంగ్ల పదమును వాడినది 1946 నాటి ప్రామాణిక సవరణానువాదము. 1971 ముద్రణలో ఆ అనువాదకులే దానిని మార్చిరి. అనువాదకులు దిద్దుకొనిన చోట ప్రసంగికులు రాళ్లు పోగుచేయకుందురు గాక.

ఈ వాదములు తీరువరకు మనము వేచియుండవచ్చును. ఏడ్చుచున్న స్త్రీ వేచియుండలేదు.

7. సంఘము చేయగలిగినది

దావీదు యోనాతాను కొరకు పాడిన విలాపగీతమును యూదావారికి నేర్పింపుమని ఆజ్ఞాపించెను (2 సమూయేలు 1:18). స్నేహితుని పోగొట్టుకొనిన దుఃఖము జనులందరి గీతమాయెను. మన సహోదరికి అట్టి గీతము లేదు. ఇతరులు గుర్తింపని దుఃఖము మరింత బరువగునని అమెరికా పండితుడు కెన్నెత్ డోకా 1989లో ప్రచురించిన గ్రంథములో వివరించెను. పేరు లేని దుఃఖమునకు పరామర్శ లేదు, సెలవు లేదు, జ్ఞాపకార్థ కూడిక లేదు. 88వ కీర్తన అట్టివారి కీర్తన. అది ప్రియులును స్నేహితులును దూరమైన చీకటితో ముగియును, ఓదార్పుతో ముగియదు. దేవుడు అట్టి ప్రార్థనను కూడ తన గ్రంథములో ఉంచుకొనెను.

బిలాస్‌పూర్ ప్రక్కన ప్రవహించు నది పేరు అర్పా. వేసవిలో దానిపైన ఇసుకయే కనబడును. నీరు అడుగున నుండును. ఓర్పా పేరు తలంచినప్పుడెల్ల నాకు ఆ నది జ్ఞాపకము వచ్చును. ఎండిపోయెనని మనము దాటిపోవు చోట నీరు ఉండవచ్చును.

సంఘము చేయగలిగిన కార్యములు ఇవి.

వినవలెను. బేత్లెహేము స్త్రీలు నయోమి తన్ను మారా అని పిలువుడని చేదుగా మాటలాడగా వినిరి (1:19–21). వారు ఆమెను ఖండించినట్లు వ్రాయబడలేదు. సంతోషదినమున ఆమె చుట్టు చేరినవారును ఆ స్త్రీలే (4:14–17).

రహస్యమును కాపాడవలెను. ఒక సహోదరి నమ్మి చెప్పిన మాటను ప్రార్థనాంశమను పేరుతో పదిమందికి పంచుట ద్రోహము. మన రైల్వే కాలనీలలో ఒక మాట ఒక్క సాయంకాలములో అన్ని వీధులు తిరుగునని మీరెరుగుదురు.

పెండ్లిని మందుగా వాడకూడదు. వివాహ ప్రకటనలకు ముందు కాపరి వధువుతోను వరునితోను విడివిడిగా మాటలాడవలెను. ఆరాధనలో సమ్మతి అడుగు ప్రశ్న అలంకారము కాదు. సమ్మతి లేదని తెలిసినయెడల ఆ వివాహమును జరిపింపకుండుటయే కాపరి విధి.

పక్షము పట్టకూడదు. విడిపోయినవారిద్దరును ఒకే సంఘములో నుండవచ్చును. యువొదియ, సుంటుకే అను ఇద్దరు స్త్రీల వివాదమునకు కారణమేమో పౌలు వ్రాయలేదు. వారిద్దరి ప్రయాసమును మెచ్చుకొని, వారికి సహాయపడుమని మరియొకని వేడుకొనెను (ఫిలిప్పీయులకు 4:2–3). మనకును కారణము తెలియనవసరము లేదు, సహాయము చేయవలెను.

ప్రాణాపాయమును పసిగట్టవలెను. నిద్రలేమి, భోజనము మానుట, బ్రదుకు వద్దను మాట, ఇవి కనబడినచో ఆమెను ఒంటరిగా విడువకుడి. ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ 14416 అను నంబరున దొరకును. బలాత్కారమునకు గురియైన స్త్రీలకు 181 కలదు. ప్రార్థించుడి, ఫోనును కూడ చేయుడి.

ఒంటరి స్త్రీకి ఇల్లు ఉండవలెను. 1885లో బిలాస్‌పూర్‌లో డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ మిషను పనికి పునాది వేసినవారిలో అమెరికాలోని మహిళా మిషనెరీ మండలి పంపిన అవివాహిత స్త్రీలుండిరి. పెండ్లి లేని స్త్రీ జీవితమును కొరతగా చూడని కాలము సంఘమునకు ఒకటుండెను. విడిపోయి ఒంటరియైన సహోదరికి ఆదివారపు బల్లయొద్ద ఒక కుర్చీ, పండుగదినమున ఒక పిలుపు మనము ఇయ్యలేమా?

8. ముగింపు

గోల్ బజారునుండి తిరిగి వచ్చినప్పుడు ఆ సహోదరి ఇంటివారు మాకు టీ ఇచ్చిరి. నేను ఆమెను ఒక్క ప్రశ్న అడిగితిని: "అమ్మా, ఆమె వెళ్లినందుకు నీకు కోపమున్నదా?" ఆమె కొంతసేపు ఆలోచించెను. "మొదట్లో ఉండేది. ఆమె మనస్సాక్షి ఆమెది అయ్యగారూ. వెళ్లే ముందు నా బట్టలన్నీ ఇస్త్రీ చేసి పెట్టింది. అలా ఎవరు చేస్తారు?" అనెను.

నేను ఓర్పా ముద్దును జ్ఞాపకము చేసికొంటిని. ఆ యింటిలో నేను ప్రసంగింపలేదు. ఆమె అడిగినందున, వెళ్లిన స్త్రీని పేరు పెట్టి, ఆమె కొరకును మిగిలిన ఈమె కొరకును ప్రార్థించితిని. రెండు సంవత్సరములలో ఆ పేరు తన యింటిలో మరియొకరి నోట వినుట ఇదే మొదటిసారి యని ఆమె చెప్పెను. మరుసటి ఆదివారమున సంఘపు స్త్రీలలో ఒకామె అన్నపు డబ్బాతో తన యింటికి వచ్చెనని కొంతకాలమునకు ఆమె నాకు తెలియజేసెను. ఆ వచ్చిన స్త్రీ ఏమియు అడుగలేదట, ప్రక్కన కూర్చుండెనట.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. రూతు గ్రంథకర్త ఓర్పాను నిందింపకుండుట మనకేమి నేర్పును?

2. మన సంఘములో పేరు పెట్టని దుఃఖములు ఏవి? వాటికి మన ఆరాధనలో స్థలము కలదా?

3. ఒక యువతిని ఆమె కుటుంబము మనయొద్దకు తీసికొని వచ్చినప్పుడు, మొదట మనము ఎవరి మాట వినుచున్నాము?

4. నమ్మి చెప్పిన మాటను మనము ఎప్పుడైన ప్రార్థనాంశముగా బయలుపరచితిమా? దానిని సరిదిద్దుకొనుటకు ఏమి చేయుదము?

ప్రార్థన

మా తండ్రీ, వెళ్లినవారిని ఎరిగినవాడవు, మిగిలినవారిని ఎరిగినవాడవు నీవే. ఎవరికిని చెప్పుకొనలేక ఏడ్చుచున్న సహోదరీలను జ్ఞాపకము చేసికొనుము. వారి దుఃఖమునకు చెవియొగ్గని మా కాఠిన్యమును క్షమించుము. ఎరుగని సంగతులలో మాకు మౌనమును, ఎరిగిన కర్తవ్యములో మాకు ధైర్యమును దయచేయుము. మా యిండ్ల తలుపులను, మా బల్లలను, మా హృదయములను వెడల్పు చేయుము. ఆమేన్.